విడవని బ్రేకు, మరిగిన రేడియేటరు

ఫోన్లో చెప్పలేనివి

రాజమండ్రిలో మోరంపూడి వైపు ఉన్న నా షెడ్డు మూసేసి కొంతకాలమైంది. ఫోన్లు మాత్రం ఆగలేదు. ఐటీఐ పాసై కొత్తగా పనిలో చేరినవాళ్లు ఇంజన్ స్టార్ట్ చేసి, ఫోన్ బానెట్ దగ్గర పెట్టి, "సౌండు విని చెప్పండి బాబాయ్" అంటున్నారు. నాకు వినపడేది గరగర తప్ప మరేమీ కాదు. ఆ మాట చెబితే ఫోన్ ఇంకొంచెం దగ్గరగా పెడుతున్నారు. ఒకతని ఫోన్ ఫ్యాను బెల్టులో పడింది. ఆ సౌండు మాత్రం స్పష్టంగా వినపడింది.

అందుకని ఫోన్లో చెప్పలేనివి కొన్ని రాద్దామనుకున్నాను. పనిలో ఎప్పుడు చేరాను, షెడ్డు ఎప్పుడు పెట్టాను, ఎవరు శాలువా కప్పారు అనేవి రాయను. శాలువాలు బీరువాలో ఉన్నాయి. వాటి వల్ల ఎవరూ ఏమీ నేర్చుకోలేదు.

మెకానిక్కు రోజులో ఎక్కువ భాగం మనుషులు చెప్పేది వినడంలోనే పోతుంది. బండి తెచ్చినవాడు రెండు రకాల మాటలు చెబుతాడు. "ఎండలో వేడెక్కిపోతోందండి", "లాగట్లేదండి" అన్నది అతను చూసింది. "కార్బురేటరేనండి, మా బావమరిది చెప్పాడు" అన్నది అతను విన్నది. చూసినదాన్ని పట్టుకోండి. విన్నదానికి తల ఊపి వదిలెయ్యండి. తర్వాత మీరు అడగాల్సినవి అడగండి. పొద్దున్న ఎలా ఉంటుంది? కాస్త దూరం నడిచాక ఎలా ఉంటుంది? దీని మీద చివరగా చెయ్యి పెట్టింది ఎవరు? ఈ ఆఖరి ప్రశ్నకి జవాబు దొరికితే సగం పని అయినట్టే. కానీ ఎవరూ చెప్పరు. ఎందుకు చెప్పరో ఒక కారు విషయంలో నాకు బాగా తెలిసింది. దాని గురించే ఇక్కడ ఎక్కువ రాస్తాను.

అప్పలస్వామి గారు

ముందు నా ఫోర్‌మన్ గురించి చెప్పాలి. నాకు పని నేర్పింది అప్పలస్వామి గారు. కూర్చోబెట్టి చెప్పిన రోజు ఒక్కటీ లేదు. ఆయన చేస్తుంటే మేం అడ్డం రాకుండా చూడాలి. ఏదైనా అడిగితే "కళ్లు లేవా?" అనేవారు. కళ్లప్పగించి చూస్తే "పని లేదా?" అనేవారు. ఆయన మంచి మనిషని నేను చెప్పలేను. నోరు చాలా చెడ్డది. ఆ తిట్లు పడలేక వెళ్లిపోయినవాళ్లలో నాకంటే చెయ్యి తిరిగినవాళ్లు ఉన్నారు. మీ కింద ఎవరైనా పని చేస్తుంటే ఆయనలా ఉండకండి.

ఆయనలో ఉన్న గొప్ప గుణం ఒకటే. బండి తన జబ్బుని ఆయన కళ్ల ముందు చూపించేదాకా ఒక్క నట్టు విప్పేవారు కాదు.

ఒకసారి జంగారెడ్డిగూడెం నుంచి ఒక ప్రైవేటు బస్సు ఓనరు వచ్చాడు. బస్సు మిట్ట ఎక్కడం లేదనీ, మాటిమాటికీ మరిగిపోతోందనీ, ఇంజన్ అయిపోయిందనీ, వెంటనే దింపెయ్యమనీ అన్నాడు. మేం గొలుసులు, దూలం సిద్ధం చేశాం. అప్పలస్వామి గారు టీ తాగి, డ్రైవర్ని పిలిచి బస్సుని ఊరి బయటిదాకా తిప్పి తెమ్మన్నారు. తెచ్చాక షెడ్డు ముందున్న వాలులో ఆపించారు. న్యూట్రల్ చేసి, హ్యాండ్‌బ్రేకు వదిలేసి, కాలు తీసెయ్యమన్నారు. ఆ వాలులో ఖాళీ డ్రమ్ము పెట్టినా దొర్లిపోతుంది. బస్సు కదల్లేదు. ఆయన వెనక్కి వెళ్లి రెండు చేతులతో తోశారు. బస్సు ఆయన్ని పట్టించుకోలేదు.

"ఇంజన్ బాగానే ఉంది. బ్రేకులు పట్టేసి చక్రాల్ని తిరగనివ్వట్లేదు" అని చెప్పి, ఆయన రెండో టీకి వెళ్లిపోయారు.

ఆ రోజు ఇంజన్ దింపి ఉంటే దాన్ని విప్పి, కడిగి, మళ్లీ ఎక్కించేవాళ్లం. మళ్లీ మరిగేది. అప్పట్నుంచి ఎవరైనా "వేడెక్కుతోంది" అంటే, రేడియేటరు వైపు చూసేముందు బండిని ఒకసారి తోసి చూడటం నాకు అలవాటైంది.

మండపేట నుంచి ఫోను

షెడ్డు మూసే ముందు ఏడాది మండపేట నుంచి ఒకావిడ ఫోన్ చేశారు. పేరు మహాలక్ష్మి గారు. రైస్ మిల్లు, ధాన్యం వ్యాపారం ఉన్న కుటుంబంలో పెద్ద కోడలు.

"మేస్త్రి గారూ, కారు బాగుచెయ్యక్కర్లేదండి. అదెందుకలా అయిందో చెప్పండి చాలు" అన్నారు.

నా సర్వీసులో అలా అడిగింది ఆవిడొక్కరే. మిగతా అందరూ ఎందుకో వద్దు, బాగుచెయ్యండి అన్నవాళ్లే.

కారు సంగతి ఆవిడే చెప్పారు. ఎప్పుడో ఇంగ్లండులో తయారైన రెండు సీట్ల స్పోర్ట్స్ కారు. పైకప్పు లేదు. ఆవిడ మామగారు సరదాపడి ఒక పొగాకు ఆసామి దగ్గర కొన్నారు. ఆయన పోయాక అది మిల్లు షెడ్డులో చాలాకాలం ఊరికే ఉంది. ఆవిడ మరిది సత్తిబాబు దాన్ని దుమ్ము దులిపి మళ్లీ నడిపించడం మొదలుపెట్టాడు.

ఆవిడ భర్త వెంకటరత్నం గారు, సత్తిబాబు అన్నదమ్ములు. ఆ మిల్లు ఇద్దరిదీ. దాన్ని ఇలాగే నడపాలని అన్నగారు, మూసేసి ఫంక్షన్ హాలు కట్టాలని తమ్ముడు. దాని మీద మాటా మాటా పెరిగి, తర్వాత మాటలే ఆగిపోయాయి. ఒకే ఇంట్లో కింద ఒకరు, పైన ఒకరు ఉంటూ రెండేళ్లుగా పలకరించుకోలేదు. ఏదైనా చెప్పుకోవాలంటే మహాలక్ష్మి గారి ద్వారానే.

ఇలా ఉండగా కారు వేడెక్కడం మొదలైంది. మెకానిక్కులు వచ్చి చూశారు. రేడియేటరు లోపల కడిగారు, హోసు పైపులు మార్చారు, వాటర్ పంపు కూడా మార్చారు. ఒకరు కడిగినది నమ్మకం లేక ఇంకొకరు మళ్లీ కడిగారు. ఒకరోజు సత్తిబాబు ద్రాక్షారామం వెళ్తుంటే కాలవ గట్టు మీద కారు దానంతటది బరువెక్కింది. యాక్సిలరేటర్ తొక్కినా లాగలేదు. ముందు చక్రాల్లోంచి పొగ వచ్చింది, బానెట్ కిందనుంచి ఆవిరి వచ్చింది. అతను కంగారులో రేడియేటరు మూత తీశాడు. మరిగే నీళ్లు ఎగిసి కుడి చెయ్యి మోచేతి దాకా కాలిపోయింది.

ఇక్కడ ఆగి కొత్తవాళ్లకి ఒక మాట చెబుతాను. మరిగిన రేడియేటరు మూత తియ్యకండి. ఎవరు తొందరపెట్టినా తియ్యకండి. కారు చల్లారాక కూడా గుడ్డ వేసి, పక్కకి నిలబడి, కొద్దికొద్దిగా తిప్పండి. ఇది మీకు తెలుసని నాకు తెలుసు. ఆ మూత తీసినవాళ్లందరికీ కూడా తెలుసు.

సత్తిబాబు ఆసుపత్రి నుంచి వచ్చాక మిల్లులో పనివాడొకడు అతనితో ఒక మాటన్నాడు. కొద్ది వారాల క్రితం అన్నగారు ఎవర్నో తీసుకొచ్చి కారు డాష్‌బోర్డు కిందకి దూర్చారట, చాలాసేపు ఏదో చేయించారట. తమ్ముడికి అది చాలు. "నా బ్రేకులు పాడుచేయించాడు. నన్ను చంపేద్దామనే" అని మిల్లు మధ్యలో నిలబడి అందరి ముందూ అన్నాడు. అన్నగారు ఆ మాట విన్నారు. ఔననలేదు, కాదనలేదు. లోపలికి వెళ్లి తలుపేసుకున్నారు.

"సోమవారం పోలీస్ స్టేషన్‌కి వెళ్తానంటున్నాడండి" అన్నారు మహాలక్ష్మి గారు. "మా ఆయన్నడిగితే, అడగాల్సినవాడు అడగలేదు, నేనెందుకు చెప్పాలి అంటున్నారు. ఇద్దరికీ అన్నం పెట్టేదాన్ని నేను. ఎవర్నని నమ్మనండి?"

మిల్లులో

మర్నాడు పొద్దున్నే మండపేట వెళ్లాను. కారు మిల్లులోంచి ఊక బయటికి చిమ్మే గొట్టం పక్కన రేకుల కింద ఉంది. ఎర్ర రంగు. ఎత్తు నా నడుం దాకా వస్తుంది. సత్తిబాబు వచ్చాడు. చేతి కట్టు తీసేశారు గానీ చర్మం ఇంకా పచ్చిగా ఉంది.

"చూడక్కర్లేదండి మేస్త్రి గారు. నేను చాలా వీడియోలు చూశాను. బ్రేకు పిస్టన్లు జామ్ అయ్యాయి. జామ్ అయ్యేలా ఎవరో ఏదో పోశారు. అది మీరు కాయితం మీద రాసిస్తే చాలు" అన్నాడు.

"రాసేముందు ఒకసారి తొయ్యనివ్వండి" అన్నాను.

తోశాను. కారు సుబ్బరంగా దొర్లింది. జాకీ పెట్టి ముందు చక్రాలు లేపి తిప్పాను. ఎక్కడా పట్టులేదు.

"నిన్నా ఇలాగే తిరిగాయండి. ఎవరొచ్చి చూసినా ఇలాగే తిరుగుతాయి. మళ్లీ రోడ్డెక్కితే చస్తాయి" అన్నాడు.

అంతకుముందు వచ్చినవాళ్లంతా కారుని చల్లగా ఉన్నప్పుడే చూశారు. జబ్బు వేడిలో ఉంది. అందుకని ధాన్యం ఆరబోసే కళ్లం చుట్టూ కారు తిప్పడం మొదలుపెట్టాను. కాస్త దూరం వెళ్లడం, బ్రేకు తొక్కడం, మళ్లీ వెళ్లడం. కళ్లంలో ఉన్న కూలీలు పని ఆపి చూశారు. ఒకాయన తన మనవణ్ణి కూడా పిలిచి చూపించాడు. చాలాసేపు ఏమీ కాలేదు. తర్వాత మెల్లగా బరువెక్కింది. యాక్సిలరేటర్ వదలగానే ఎవరో వెనక పట్టుకుని లాగినట్టు ఆగిపోతోంది. టెంపరేచర్ ముల్లు లేస్తోంది. ముందు చక్రాల దగ్గర కాలిన వాసన. ఇంజన్ ఆపేసి, చక్రాలు లేపి, గుడ్డ చుట్టుకుని తిప్పబోయాను. తిరగలేదు.

"చూశారా?" అన్నాడు సత్తిబాబు. చెయ్యి కాలాక అతను సంతోషించిన రోజు అదేనేమో.

ఒక్కొక్క చోటా విప్పుకుంటూ

ఈ భాగం పని నేర్చుకునేవాళ్లు జాగ్రత్తగా చదవాలి. మిగతావాళ్లు దాటేసినా కథ పోదు.

కాలు తీశాక కూడా డిస్కు బ్రేకు పట్టుకునే ఉందంటే రెండు దారులున్నాయి. పిస్టన్ తుప్పు పట్టి ఇరుక్కుని ఉండాలి, లేదా బ్రేకు ఆయిల్ ఒత్తిడి వెనక్కి పోకుండా లోపలే ఉండిపోవాలి. ఏది అన్నది తెలుసుకోవడానికి ఏదీ ఊడదియ్యక్కర్లేదు. చక్రం దగ్గర గాలి తీసే నిపుల్ ఉంటుంది. దాన్ని కొంచెం వదులు చేశాను. ఆయిల్ చిమ్మింది, చక్రం వదిలేసింది. అంటే పిస్టన్ బాగానే ఉంది, ఒత్తిడే చిక్కుకుంది. రెండో చక్రమూ అంతే.

నిపుల్ బిగించి, బ్రేకు తొక్కి వదిలాను. మళ్లీ పట్టేసింది. ఈసారి చక్రాల జోలికి పోకుండా పైన మాస్టర్ సిలిండర్ దగ్గర పైపు నట్టు వదులు చేశాను. పెడల్ తొక్కితే ఆయిల్‌ని చక్రాలకి తోసేది ఆ సిలిండరే. అక్కడ ఆయిల్ కారగానే రెండు చక్రాలూ వదిలేశాయి. అంటే మధ్యలో ఉన్న రబ్బరు పైపులు కూడా బాగానే ఉన్నాయి. తప్పు మాస్టర్ సిలిండర్‌లోనో, దానికి పైనో ఉండాలి. పైన ఉన్నది పెడల్ ఒక్కటే.

పెడల్ని వేలితో నొక్కి చూశాను. మంచి పెడల్‌కి మొదట్లో కొంచెం ఆట ఉంటుంది, ఊరికే కదులుతుంది. దీనికి లేదు. వీపు సీటు మీద ఆనించి, తల కిందికి పెట్టి డాష్‌బోర్డు లోపల టార్చి వేసి చూశాను. ఆ వయసులో నేను చెయ్యాల్సిన పని కాదు. పెడల్ చేతికి పైన బ్రేకు లైటు స్విచ్చి ఉంది. కొత్తది, మెరుస్తోంది. దాన్ని మరలో మరీ లోపలికి బిగించారు. కాలు తీశాక పెడల్ పూర్తిగా వెనక్కి రాకుండా ఆ స్విచ్చికి గుద్దుకుని కొద్దిగా ముందే ఆగిపోతోంది.

ఆ కొద్దిగా వల్లే ఇదంతా. మాస్టర్ సిలిండర్‌లో ఒక చిన్న రంధ్రం ఉంటుంది. పెడల్ పూర్తిగా వెనక్కి వస్తేనే అది తెరుచుకుంటుంది. వేడికి ఉబ్బిన ఆయిల్ అందులోంచి పైనున్న డబ్బాలోకి పోతుంది. పెడల్ కొంచెం ముందు ఆగితే రంధ్రం మూసే ఉంటుంది. బ్రేకు వేసినప్పుడల్లా ఆయిల్ వేడెక్కి ఉబ్బుతుంది, పోవడానికి దారి లేదు, బ్రేకుల్నే నొక్కుతుంది. నొక్కితే ఇంకా వేడి. కుక్కర్ విజిల్‌కి పప్పు అడ్డం పడితే ఏమవుతుందో అదే. వెనక చక్రాలవి డ్రమ్ము బ్రేకులు, వాటిని వెనక్కి లాగే స్ప్రింగులు ఉంటాయి. ముందున్న డిస్కులకి ఆ స్ప్రింగులు లేవు. అందుకే ముందు చక్రాలే పొగలు కక్కాయి. కారు చల్లారితే ఆయిల్ కుదించుకుపోయి అంతా మామూలైపోతుంది. మెకానిక్కు వచ్చేసరికి కారు నిర్దోషి.

ఎవరు అన్న ప్రశ్న

నేను బయటికొచ్చి నడుం సరిచేసుకుంటుంటే మహాలక్ష్మి గారు, ఆవిడ వెనక వెంకటరత్నం గారు వచ్చారు. పెద్దాయన తెల్ల పంచె కట్టుకుని, చేతులు వెనక్కి పెట్టుకుని దూరంగా స్తంభం పక్కన నిలబడ్డారు. నేను స్విచ్చి సంగతి చెప్పాను.

సత్తిబాబు వదినగారి వైపు తిరిగాడు. "విన్నారా వదినా? కొత్త స్విచ్చంట. ఎవరు పెట్టించారో అడగండి."

పెద్దాయన గొంతు సవరించుకున్నారు. స్తంభం వైపు తిరిగారు.

ఇలాంటి చోట నేను సాధారణంగా నోరు మూసుకుంటాను. ఏం పాడైందో చెప్పడం మన పని. ఎవరు పాడుచేశారన్నది చెబితే రెండు పక్షాలవాళ్లూ మనల్ని మళ్లీ పిలవరు. కొత్తవాళ్లకి నేనిచ్చే సలహా కూడా అదే. కానీ అక్కడ ఊరుకుంటే ఆ స్విచ్చి సోమవారం పోలీస్ స్టేషన్లో సాక్ష్యం అవుతుంది. స్విచ్చి పెట్టించింది అన్నగారేనని అక్కడున్న అందరికీ తెలుసు. నేను చెప్పినది నిజమే అయినా, ఆ నిజం సగంలో ఆగిపోతే అది పెద్దాయన మెడకి చుట్టుకుంటుంది.

"సత్తిబాబు గారూ, మిమ్మల్ని ఒకటి అడుగుతాను" అన్నాను. "బ్రేకు పాడుచేసి మనిషిని చంపాలనుకునేవాడు బ్రేకు పడకుండా చేస్తాడా, వదలకుండా చేస్తాడా?"

అతను ముందు చక్రం వైపు చూశాడు.

"ఇది కారుని ఆపే జబ్బండి. ఇంకొకటి. బ్రేకు లైటు స్విచ్చి ఊరికే ఎవరూ మార్చరు. లైటు వెలగడం లేదని తెలిస్తేనే మారుస్తారు. మీ కారు బ్రేకు లైటు వెలగట్లేదని మీకు తెలుసా?"

"తెలీదు. నేను ముందు కూర్చుంటాను కదా."

"ఆయ్. నడిపేవాడికి అది కనపడదండి. మీరు వెళ్తుంటే వెనకనుంచి చూసేవాడికే కనపడుతుంది."

సత్తిబాబు ఇంకా అర్థం కానట్టే నిలబడ్డాడు. మహాలక్ష్మి గారికి ముందు అర్థమైంది. ఆవిడ భర్త వైపు తిరిగి, "అందుకా రోజూ ఆ టైముకి మేడ మీద నిలబడేది?" అన్నారు.

"గాలికి" అన్నారు వెంకటరత్నం గారు.

"వీడి కారు గేటు దాటి రోడ్డెక్కేదాకా నిలబడితే వచ్చే గాలేంటండి అది?"

పెద్దాయన స్తంభానికి చెప్పినట్టు చెప్పారు. "మిల్లు గేటు బయట లారీలు బారులు తీరి ఉంటాయి. వీడు లారీల మధ్య దూరిపోతాడు. ఆ కారు లారీ డ్రైవరుకి కనపడేంత ఎత్తుండదు. ఆపినప్పుడు లైటన్నా వెలగాలి కదా. ఎలక్ట్రీషియన్ని పిలిచి వేయించాను. లైటు వెలిగింది. వెలిగింది కాబట్టి సరిగ్గా చేశాడనుకున్నాను."

"మరి ఆ మాట చెప్పచ్చు కదా వదినా, ఇన్నాళ్లూ" అన్నాడు సత్తిబాబు.

"నాకు చెప్తావేం? ఆయన అక్కడే ఉన్నారు. నా నోరు అరిగిపోయింది మీ ఇద్దరి మాటలూ మోసి" అన్నారు మహాలక్ష్మి గారు.

నేను స్పానర్ తీసుకుని సత్తిబాబు చేతిలో పెట్టాను. "కిందకి దూరండి. లాక్ నట్టు వదులు చేసి, స్విచ్చిని బయటికి తిప్పండి. పెడల్‌కి ఆట వచ్చాక చెప్పండి" అన్నాను. అతను దూరాడు. పచ్చి చెయ్యి ఎక్కడో తగిలి అబ్బా అన్నాడు. పెద్దాయన స్తంభం వదిలి కారు దగ్గరికి వచ్చేశారు. వచ్చినవారు ఏం చెయ్యాలో తెలియక టార్చి పట్టుకుని నిలబడ్డారు. వెలుతురు సరిగ్గా పడటం లేదు. తమ్ముడు చెప్పలేదు, అన్నగారు అడగలేదు. స్విచ్చి సరిచేసి మళ్లీ నట్టు బిగించడం చీకట్లోనే అయింది.

మిగిలిన వేడి

ఒక తప్పు దొరికితే పని అయిపోయిందనుకోవద్దు. కళ్లం చుట్టూ మళ్లీ తిప్పాను. బ్రేకులు హాయిగా వదిలేస్తున్నాయి. కానీ ముల్లు, ముందంత వేగంగా కాకపోయినా, ఇంకా పైకే పోతోంది.

ఇంజన్ ఆపి, చల్లారాక, ముందున్న జాలీ తీసి రేడియేటరు చూశాను. రేకుల సందులన్నీ ఊకతో, తవుడు దుమ్ముతో, పురుగులతో మెత్తేసి ఉన్నాయి. గాలి దూరే సందు లేదు. ఇంతమంది వచ్చి దాన్ని లోపల కడిగారు. బయట ఎవరూ కడగలేదు. లోపల అది నా వంటింటి గిన్నెలకంటే శుభ్రంగా ఉంది.

ఇంజన్ వైపు నుంచి ముందుకి, నీళ్లు మెల్లగా కొట్టాలి. జోరుగా కొడితే రేకులు వంగిపోతాయి. ఉలవచారులాంటిది చాలాసేపు కారింది.

"కారుని ఈ ఊక గొట్టం పక్కన ఎవరు పెడుతున్నారండి?" అని అడిగాను. అటువైపు షెడ్డు అన్నగారిదనీ, అందుకని ఇటు పెడుతున్నాననీ సత్తిబాబు నెమ్మదిగా అన్నాడు. ఆ విషయం మీద ఎవరూ కేసు పెడతామనలేదు.

రోడ్డు మీద

కళ్లంలో తిప్పితే సరిపోదు, రోడ్డు మీద చూడాలి. ద్రాక్షారామం దాకా వెళ్లి రమ్మన్నాను. నడిపేవాడు రోడ్డు చూసుకోవాలి కాబట్టి, టెంపరేచర్ ముల్లు చూడ్డానికి పక్కన ఇంకొకరు ఉండాలన్నాను. అది నిజమే. ఆ ఇంకొకరు మామూలుగా నేనే. కానీ ఉన్నవి రెండే సీట్లు, పైగా నేను పొద్దుట్నుంచి తలకిందులుగా పని చేసి ఉన్నాను.

"నా నడుం ఆ సీట్లో పట్టదండి" అన్నాను.

మహాలక్ష్మి గారు భర్త వైపు చూశారు. "నాకు ముళ్లూ అవీ తెలీవు" అన్నారాయన. "సగం దాటితే చెప్పాలి, అంతే" అన్నాను. ఆయన పంచె ఎగ్గట్టి, కారు తలుపు ఎంత కిందకి ఉందో చూసి నిట్టూర్చి, ఒక్కొక్క కాలూ లోపల పెట్టారు. సత్తిబాబు స్టార్ట్ చేశాడు. ఇద్దరూ ఎదురుగా గేటు వైపే చూస్తూ వెళ్లిపోయారు.

నాకు భోజనం పెట్టారు. పనసపొట్టు కూర చాలా బాగుంది గానీ సరిగ్గా తినలేకపోయాను. నట్టు సరిగ్గా బిగించాడా, నేను చూశానా అని గుర్తు చేసుకుంటున్నాను. చూశాను. మళ్లీ గుర్తు చేసుకున్నాను. ఇన్నేళ్ల సర్వీసులో బండి బయటికి పంపిన ప్రతిసారీ నాకిలాగే ఉండేది. మీకు అలా ఉండకపోతే ఈ పని మానెయ్యండి.

రావాల్సిన వేళ దాటిపోయింది. మహాలక్ష్మి గారు గేటు దాకా వెళ్లి రావడం మొదలుపెట్టారు.

"ఫోన్ చెయ్యమంటారా?" అన్నారు.

"నడిపేటప్పుడు వద్దులెండి" అన్నాను. నాకూ చెయ్యాలనే ఉంది.

ఇంకాసేపటికి కారు కంటే ముందు కేకలు వినపడ్డాయి. గేటు బయటే అరుపులు. నేను చెయ్యి కడుక్కోకుండానే లేచాను. కారు లోపలికొచ్చి ఆగింది. పెద్దాయన జుట్టు గాలికి నిలబడి ఉంది. సత్తిబాబు మొహం ఎర్రగా ఉంది. ఇద్దరూ ఒకేసారి అరుస్తున్నారు.

"సగం దాటింది ఆపరా అంటే వినవేంట్రా? ఇంకోసారి చెయ్యి కాల్చుకుంటావా?"

"దాటలేదు అన్నయ్యా! నువ్వు పక్కనుంచి చూస్తే దాటినట్టు కనపడుతుంది! ప్రతి వంతెన దగ్గరా ఆపించావు! ఎవడైనా కారుని కూర్చోబెట్టి చల్లార్చుకుంటూ వెళ్తాడా?"

"చిన్నప్పుడూ ఇంతే నువ్వు! సైకిలుకి బ్రేకు లేదురా అంటే విన్నావా?"

"ఆ సైకిలు నువ్వే ఇచ్చావు నాకు!"

నేను కారు పక్కన కూర్చుని ముందు చక్రం దగ్గర చెయ్యి పెట్టి చూశాను. ఉండాల్సినంత వేడే ఉంది. ముల్లు సగంలో ఉంది. ఆ మాట చెబుదామని లేచాను. ఎవరూ నావైపు చూడలేదు. గొడవ సైకిలు నుంచి ఇంకా వెనక్కి, ఎవరో మేష్టారు కొట్టిన దెబ్బల దాకా వెళ్లింది. కళ్లంలో కూలీలు, మిల్లులో పనివాళ్లు బయటికొచ్చి నిలబడి వింటున్నారు. పెద్దాయన ఇంకా కారులోంచి దిగలేదు. దిగితే వాదన ఆగిపోతుందేమోనన్నట్టు కూర్చునే ఉన్నారు.

మరీ పెరుగుతోందని నేను అడ్డం వెళ్లబోయాను. మహాలక్ష్మి గారు చెయ్యి చాపి నన్ను ఆపేశారు.

"ఉండండి మేస్త్రి గారూ" అన్నారు. "రెండేళ్లయిందండి ఇది విని."